మూడోసారీ విరిగిన బోల్టు

విరిగిన బోల్టు ముక్కని ఆ అమ్మాయి తెచ్చి రాఘవేంద్ర టిఫిన్ ప్లేటు పక్కన టక్కున పెట్టింది.

"ఏటిది?" అంది.

ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోబోతున్నవాడు ఆగిపోయాడు. ముందు బోల్టుని చూశాడు. తర్వాత ఆ అమ్మాయిని చూశాడు. మళ్ళీ బోల్టునే చూద్దామనుకున్నాడు గానీ కళ్ళు మాట వినలేదు.

"బోల్టండి," అన్నాడు.

"బోల్టని నాకూ తెలుసు. పన్నెండు రోజుల కిందట మా తమ్ముడు జీపు తెత్తే నువ్వేసిన బోల్టు. 'నేనేసింది విరగదు, పదేళ్ళు చూడక్కర్లేదు' అన్నావంట. పదేళ్ళు అయిపోనాయేటి?"

రాఘవేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. అనడం నిజమే. విశాఖలో నాలుగేళ్ళు పెద్ద పెద్ద వర్క్‌షాపుల్లో పనిచేసి వచ్చి, కాశీబుగ్గకి ఇవతల హైవే పక్కన సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఈ రెండేళ్ళలో పని తిరిగి రావడం ఇదే మొదలు.

ఊళ్ళో అందరూ దాన్ని పంతులు షెడ్డు అంటారు. అతని తండ్రి పురుషోత్తంగారు మందసలో అర్చకులు. కొడుకు పొద్దున్నే నామం పెట్టుకుని బైకు మీద బయల్దేరతాడు. మధ్యాహ్నానికి ఆ నామం మీద గ్రీజు అడ్డంగా మరో గీత గీస్తుంది. గుళ్ళో ఉండాల్సినవాడు ఇనుములో పడ్డాడని తండ్రికి బాధ. ఆ బాధతోనే ఆయన ఇంతవరకూ షెడ్డు గడప తొక్కలేదు.

"బండేదండీ?" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

బయట ఆకుపచ్చ రంగు వెలిసిపోయిన పాత జీపు, వెనక ఎడంపక్క షాకబ్జర్ ఊడి వేలాడుతూ, నిలబడి ఉంది. రాఘవేంద్ర గోనె పరుచుకుని దాని కిందకి దూరాడు. దూరిన రెండో క్షణంలోనే ముక్కు మూసుకున్నాడు.

పైనుంచి నవ్వు వినపడింది. "ఎండుసేపలు పంతులూ! మంగళవారం, సుక్కురవారం మనుసులు. మిగతా రోజులు సేపలు."

"మనుషులు ఎక్కడికండీ?"

"డయాలసిస్‌కి."

రాఘవేంద్ర ముక్కు మీంచి చెయ్యి తీసేశాడు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ మాటకి ఎవరూ అర్థం అడగరు.

ఆమె పేరు మోహిని. బారువ దగ్గర చేపల వేటకెళ్ళే పల్లె వాళ్ళది. ఆమె తండ్రి ధర్మారావుతో కలిపి ఆ పల్లెనుంచి ఐదుగురు వారానికి రెండుసార్లు పలాస ఆస్పత్రికి రావాలి. అందరినీ ఈ జీపులో తెచ్చేది ఆమే. ఇప్పుడు వాళ్ళని అక్కడ దించి తిన్నగా ఇటే వచ్చింది. నాలుగు గంటల్లో మళ్ళీ వెళ్ళి ఎక్కించుకోవాలి.

"షాకబ్జర్ ఊడిపోతే బండి గుర్రంలా ఎగురుద్ది," అంది. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "సూదులు గుచ్చిన సెయ్యి గుండెలకి అదుముకుని కూకుంటాడు మా అయ్య. పొద్దున్న ఏటన్నాడో తెలుసా? 'ఇయ్యాలే ఆకరు, ఇంక నాను రాను, జబ్బు కంటే నీ బండే ఎక్కువ సంపుతంది' అన్నాడు. రాపోతే ఏటవుద్దో నీకు సెప్పక్కర్లేదు గదా."

అక్కర్లేదు. రాఘవేంద్ర లైటు లోపలికి లాక్కున్నాడు.

షాకబ్జర్‌ని ఛాసీకి పట్టి ఉంచే బోల్టు మధ్యకి విరిగి, సగం ముక్క లోపలే ఉండిపోయింది. పట్టుకుందామంటే పానాకి అందదు. సముద్రపు గాలికి తుప్పు పట్టి ఛాసీలో కలిసిపోయినట్టుంది. డీజిల్ పోసి నానబెట్టాడు. గ్యాస్ మంటతో చుట్టూ ఎర్రగా కాల్చాడు. ఆ ముక్క మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, పానాతో మెల్లిగా తిప్పాడు. నట్టు ఊడొచ్చింది గానీ ముక్క కదల్లేదు.

"పోనీ సుత్తితో ఒక్కటియ్యి," అంది మోహిని. ఎప్పుడు దూరిందో, పక్కనే బోర్లా పడుకుని లైటు పట్టుకుంది.

"సుత్తి ఇస్తే లోపల మరలు పోతాయండీ. అప్పుడు మీ జీపు ఇక్కడే కాపురం పెట్టాలి."

"దానికి పరవాలేదు. నాకే కట్టం."

రాఘవేంద్ర నవ్వాడు. నవ్వుతూనే రెండో నట్టు వెల్డింగ్ చేశాడు. అదీ ఊడింది. మూడోది చల్లారేదాకా ఇద్దరూ మాట్లాడకుండా చూస్తూ పడుకున్నారు. ఆమె నుదుటి మీద తుప్పు పొడి రాలింది. చెబుదామా వద్దా అని అతను చాలాసేపు ఆలోచించి మానేశాడు. బాగుంది మరి.

పానా పట్టి మెల్లిగా తిప్పాడు. కిర్రుమంది.

"తిరిగింది!" అంది మోహిని ఊపిరి బిగబట్టి.

"మాట్లాడకండి. వింటే మళ్ళీ ఆగిపోతుంది."

పావు పావు వంతు తిప్పుతూ ముక్కని బయటికి లాగేసరికి ఒంటిగంటయింది. ఈసారి మామూలు బోల్టు కాదు, లారీలకి వేసే గట్టి రకం వేశాడు.

"ఎన్నేళ్ళంటావు?" అంది మోహిని జీపు ఎక్కుతూ.

"ఏళ్ళు అననండీ. శుక్రవారం దాకా అంటాను. శుక్రవారం వచ్చి చూపించండి."

"తెలివైనోడివే," అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం వచ్చింది. మంగళవారం వచ్చింది. ఆ పై శుక్రవారమూ వచ్చింది. రాఘవేంద్ర జీపు కిందకి దూరి బోల్టు మీద పానా పెట్టి చూసి, బాగానే ఉందండీ అనేవాడు. రెండు నిమిషాల పని. దానికి అరగంట పట్టేది.

"మా అయ్య సుక్కురవారం రానన్నాడు గదా, ఎలగ తెచ్చేనో తెలుసా?" అందోసారి.

"ఎలాగ?"

"షెడ్డులో పంతులు మంత్రమేసి బోల్టు బిగించేడు, ఇంక ఇరగదు అన్నాను. మంత్రమంటే ఎక్కీసేడు."

"అయ్యో, అలా చెప్పేరేంటండీ!"

"ఏం, మంత్రం రాదేటి నీకు?"

"వచ్చుగానీ బోల్టులకి లేదండీ."

మంత్రం పదిహేడు రోజులు పనిచేసింది.

ఆ రోజు శుక్రవారం, పొద్దున్నుంచీ ముసురు. ఏడింటికి ఫోన్ మోగింది. "పంతులూ," అంది మోహిని. తర్వాత ఒక్క క్షణం మాట్లాడలేదు. ఆ క్షణంలోనే అతనికి అర్థమైపోయింది. "హరిపురం దాటి ఆగిపోనాం. మళ్ళీ ఇరిగింది."

వానలో తడుస్తూ వెళ్ళాడు. జీపు వెనక సీట్లలో నలుగురు గోనెసంచులు కప్పుకుని కూర్చున్నారు. ముందు సీట్లో ఎముకల గూడులాంటి పెద్దాయన ఎడమచెయ్యి గుండెలకి హత్తుకుని కళ్ళు మూసుకున్నాడు. ధర్మారావుని అతను చూడడం అదే మొదటిసారి.

"నువ్వేనా పంతులువి?" అన్నాడు పెద్దాయన కళ్ళు తెరవకుండానే. "నీ మంత్రంలో ఏదో తప్పుందిరా నాయినా."

రాఘవేంద్రకి తల ఎత్తాలనిపించలేదు. వేలాడుతున్న షాకబ్జర్‌ని తీగతో పైకి కట్టేసి, "నేను ముందు బైకు మీద వెళ్తాను. గుంటలు లేనిచోట పోతుంటాను. నా వెనకే మెల్లిగా రండి," అన్నాడు. సైకిలువాడు దాటేంత మెల్లిగా పలాస చేరారు. ఐదుగురూ వేళకే ఆస్పత్రి లోపలికి వెళ్ళారు.

జీపు షెడ్డులోకి వచ్చాక మోహిని స్టీరింగు వదల్లేదు. "ఇంకో బోల్టు ఎయ్యి," అంది ఎటో చూస్తూ. "అది కూడా ఇరిగితే ఇంకోటేద్దువు."

"బోల్టు వెయ్యను."

"ఏటీ?"

"మూడుసార్లు విరిగిందంటే తప్పు బోల్టుది కాదు. ఇన్నాళ్ళూ బోల్టునే చూశాను. బండిని చూడలేదు. నాదే బుద్ధితక్కువ."

జాకీ చక్రం కింద పెట్టకుండా ఛాసీ కింద పెట్టి, వెనకభాగం మొత్తం పైకెత్తాడు. చక్రాలు గాల్లో వేలాడాయి. కుడిపక్క షాకబ్జర్ ఇంకా బోల్టుకే ఉంది. దాన్ని చేత్తో తట్టి చూశాడు. తాడులా బిగుసుకుపోయి ఉంది. బండి బరువు మోసే కమాను పట్టీలకి ఇంకా దిగే చోటుంది గానీ, షాకబ్జర్ పొడుగు అప్పటికే అయిపోయింది.

"ఇటు చూడండి. చక్రం గుంటలో దిగినప్పుడల్లా ఇది సాగాలి. దీనికి సాగే పొడుగు లేదు. దాంతో బరువంతా బోల్టు మీద పడి గుంజుతోంది. ఎంత గట్టి బోల్టు వేసినా విరుగుతుంది. బండి ఇంత ఎత్తెందుకు లేచిందో..."

లైటు వేసి పట్టీలు లెక్కపెట్టాడు. ఒకటి ఎక్కువుంది, మిగతావాటికంటే కొత్తది. ఆగిపోయాడు.

మోహిని కూడా చూసింది. ఆమె ముఖంలో రంగు మారింది.

"ఆ పట్టీ నానే ఏయించేను," అంది. "కిందటేడు. సేపల గంపలు ఎక్కువెడితే ఎనక కూరుకుపోతందని." పట్టీని చేత్తో తడిమి చూసింది. "అయితే మా అయ్యకి అంత బాద పెట్టింది నానేనా?"

కాదండీ, రోడ్డు బాగాలేక అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ కళ్ళు చూస్తూ అబద్ధం ఆడలేకపోయాడు.

"పట్టీ వేసినవాడు షాకబ్జర్ కూడా మార్చాలని మీకు చెప్పాలి. చెప్పలేదు. రెండుసార్లు బోల్టు వేసినవాణ్ణి నేను కనిపెట్టాలి. కనిపెట్టలేదు. మీకంటే ముందు మేం ఇద్దరం ఉన్నాం ఆ లైన్లో."

"పట్టీ పీకీ."

"పీకితే గంపలు?"

గంపలు లేకపోతే ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు.

"పీకక్కర్లేదు. ఇంతకంటే పొడుగు షాకబ్జర్లుంటాయి. టెక్కలిలో పాత బళ్ళ సామాన్ల కొట్టు ఉంది. ఇప్పుడు తొమ్మిదిన్నర. వెళ్ళి వచ్చి బిగించడానికి టైముంది." బైకు తాళం తీసి, కొంచెం తటపటాయించాడు. "మీరూ వస్తారా?"

"నా బండికి నాను రాకుండా ఎవులొత్తారు?" అని కళ్ళు తుడుచుకుని బైకెక్కింది.

టెక్కలి కొట్టులో త్రినాథరావు అనే పెద్దమనిషి తుప్పు కొండల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. రాఘవేంద్ర కావలసిన కొలతకి ముడులు వేసి తెచ్చుకున్న దారంతో కొలుస్తుంటే, మోహిని సామాన్ల గుట్ట ఎక్కేసింది.

"పంతులూ! ఇది సూడు!"

ఆమె చేతిలో సరిగ్గా కావలసిన పొడుగు షాకబ్జర్ ఉంది. చేత్తో నొక్కి వదిలితే బద్ధకంగా, మెల్లిగా పైకి లేచింది.

"ఇది బతికే ఉంది," అన్నాడు రాఘవేంద్ర. జత ముక్కని నొక్కితే అక్కడే ఉండిపోయింది. "ఇది పోయింది."

"జత మంచిదేనండి, రెండూ ఒక బండివే," అన్నాడు త్రినాథరావు.

"ఒకటి బతికుంది, ఒకటి సచ్చింది, ఇదేం జతండీ?" అని మోహిని మళ్ళీ గుట్ట మీదకి ఎక్కింది. పావుగంటలో బతికిన రెండోదాన్ని పట్టుకుని దిగింది. చీర కుచ్చిళ్ళ నిండా తుప్పు. మొహం నిండా నవ్వు. రాఘవేంద్ర దారం మడత పెట్టడం మర్చిపోయాడు.

తిరిగొస్తుంటే పలాస పొలిమేరలో వాన ఒక్కసారిగా కుమ్మేసింది. జీడిపప్పు ఫ్యాక్టరీ చూరు కింద ఆగి అరుగు మీద కూర్చున్నారు. లోపల గింజలు కాలుతున్న వాసన వాన చల్లదనంలో కమ్మగా చుట్టుకుంది. షాకబ్జర్లు రెండూ మోహిని ఒళ్ళో పిల్లల్లా పడుకుని ఉన్నాయి.

"ఇది బాగుంది గదా? సేపల వాసన లాగ కాదు," అంది.

"నాకు అలవాటైపోయింది."

"జీడిపప్పా?"

"చేపల వాసన."

మోహిని చటుక్కున అతని వైపు చూసింది. అతను రోడ్డు మీద పడుతున్న వానని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. చూరు నీళ్ళు పడుతున్నాయన్నట్టు ఆమె కొంచెం అతని వైపు జరిగింది. ఆమె కూర్చున్నచోట చూరు నీళ్ళు పడడం లేదు.

ఒంటిగంటన్నరకి పని అయింది. విరిగిన ముక్క ఈసారి మొదటి నట్టుకే తిరిగింది.

తిరుగు ప్రయాణంలో హరిపురం దాకా తనూ వస్తానన్నాడు రాఘవేంద్ర. వెనక నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. మొదటి గుంట వచ్చింది. అందరూ అలవాటుగా కడ్డీలు పట్టుకున్నారు. జీపు ఒకసారి మెత్తగా ఊగి ఊరుకుంది.

"గుంట ఏదీ?" అంది పెద్దతల్లి అనే ముసలమ్మ.

"దాటిపోనాం అవ్వా," అంది మోహిని.

నాలుగు గుంటలు దాటాక ముందు సీట్లోంచి గురక వినపడింది. రాఘవేంద్ర తొంగి చూశాడు. ధర్మారావు నిద్రపోతున్నాడు. గుండెలకి అదుముకున్న చెయ్యి జారి ఒళ్ళో వదులుగా పడి ఉంది.

అద్దంలో మోహిని కళ్ళు కనిపించాయి. తడిగా ఉన్నాయి. ఆ కళ్ళు రోడ్డు చూడాల్సింది పోయి అతన్ని చూశాయి.

హరిపురంలో దిగుతుంటే మెల్లిగా అడిగింది. "మంగళవారం బోల్టు సూపించడానికి రావాలా?"

"అది ఇంక విరగదండీ."

"అయితే రావొద్దా?"

"రావొద్దని ఎవరన్నారు?"

తర్వాత రెండు నెలలు ఆ జీపుకి ఏ రోగమూ లేదు. అయినా వారానికి రెండుసార్లు షెడ్డు ముందు ఆగేది. మోహిని అతనికి పల్లె కబుర్లు చెప్పేది. అతను ఆమెకి వెల్డింగ్ నేర్పాడు. అతని మాటల్లోంచి "అండీ" ఎప్పుడో రాలిపోయింది. చెప్పాల్సిన మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది. నోరు తెరిచినప్పుడల్లా గుళ్ళో హారతి పళ్ళెంతో నిలబడ్డ తండ్రి కనిపించేవాడు. మోహినీ అడగలేదు. ఒక్కోసారి బండి స్టార్ట్ చేసి, అతని మొహం చూస్తూ రెండు నిమిషాలు ఊరికే ఆగేది.

ఒక శుక్రవారం జీపు వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి పంచె సర్దుకుంటూ పురుషోత్తంగారు దిగారు.

రాఘవేంద్ర చేతిలో పానా కింద పడింది.

"మీరేంటి నాన్నగారూ, ఇలా..."

"మొన్న మంగళవారం కంచిలికి బయల్దేరాను కదరా, మర్నాటి గృహప్రవేశానికి. హరిపురంలో వాన, బస్సు లేదు. ఈ అమ్మాయి జీపాపి ఎక్కండి అంది. నా నడుం సంగతి నీకు తెలుసు. కంచిలి దాకా నడుం ఉందన్న సంగతే గుర్తు రాలేదు. 'ఏవమ్మా, జీపు ఇంత మెత్తగా ఉందేవిటి' అన్నాను. అంతే. దిగేదాకా మెకానిక్కు గురించే చెప్పింది. అందరూ బోల్టు మార్చితే జబ్బెక్కడుందో కనిపెట్టాడట. వానలో గుంటలు తప్పిస్తూ బైకు మీద ముందు వెళ్ళాడట. ఆ మెకానిక్కు నువ్వేనని అర్థమై, ఇవాళ నేనే హరిపురంలో నిలబడి ఈ జీపు ఆపాను."

మోహిని స్టీరింగు మీద తల వాల్చేసింది. "ఈరు మీ నాన్నగారని నాకు తెల్దు పంతులూ," అంది లోపల్నుంచే. "ఇప్పుడే సెప్పేరు. దిగేముందు."

"తెలియకుండా చెప్పింది కాబట్టే నమ్మాను," అన్నారాయన. "అంతసేపట్లో ఒక్కసారి పేరు ఎత్తలేదురా. 'ఆయన' అంది. 'ఆయన ఇలగన్నాడు, ఆయన అలగ సేసేడు' అంది. ముప్ఫై ఏళ్ళుగా మీ అమ్మ నన్ను అనే మాట అది."

వెనక సీట్లో పెద్దతల్లి కిసుక్కుమంది.

పురుషోత్తంగారు పంచె పైకి దోపుకుని జీపు పక్కన గొంతుక్కూర్చున్నారు. "ఏదీ, ఎక్కడ విరిగేది?"

రాఘవేంద్ర పక్కన కూర్చుని చూపించాడు. ఆయన తల వంచి చాలాసేపు చూశారు. "మొండివాడివి. మంచి పని చేశావు," అన్నారు. లేస్తూ కొడుకు భుజం ఆసరాగా పట్టుకున్నారు. లేచాక కూడా ఆ చెయ్యి తియ్యలేదు. "మీ అమ్మకి నేను చెబుతాను. నాలుగు రోజులు మాట్లాడదు. తర్వాత నాలుగు రోజులు అదే మాట్లాడుతుంది. ఆ ఎనిమిది రోజులూ ఓర్చుకో. ఊళ్ళో అనేవాళ్ళు అంటారు. అది నేను చూసుకుంటాను." ధర్మారావు వైపు తిరిగారు. "మీ ఇంటికి ఎప్పుడు రమ్మంటారు?"

ధర్మారావు కంగారుపడ్డాడు. "రండి బాబూ, రండి. గానీ మీకేటెట్టాలి మేము? మా పొయ్యి మీద సేప ఉడకని రోజు నేదు. కొత్త కుండ తెత్తాను."

"కుండ బాగా తోమితే చాలదుటండీ? ఉద్దానంలో ఉండి జీడిపప్పుకి కరువా మీకు?"

పెద్దాయన నోరారా నవ్వాడు. ఆ నవ్వు చూసి మోహిని తలెత్తింది.

"అందరూ మాటాడీసుకుంటన్నారు," అంది రాఘవేంద్రతో. "నన్ను అడగాల్సినోడు అడగనేదు."

అతను డ్రైవరు పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. చేతులకి గ్రీజు. వెనక నలుగురు, ముందు మామగారు కాబోయే మనిషి, పక్కన తండ్రి. ఇంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదనిపించింది.

"మోహినీ, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"ఆస్పత్రికి టైమైపోతంది," అంది ఆమె గేరు వేస్తూ. "ఎక్కు. దార్లో సెప్తాను."

రాఘవేంద్ర షెడ్డునీ, షెడ్డులో తండ్రినీ అలాగే వదిలేసి వెనక కడ్డీ పట్టుకుని ఎక్కేశాడు. జీపు కదిలింది. రైల్వే గేటు వచ్చింది. గేటు తీశారు. ఆమె ఇంకా చెప్పలేదు.

"సెప్పీయే తల్లీ," అంది పెద్దతల్లి. "కుర్రోడి పేణం తియ్యకు."

"ఊఁ," అంది మోహిని.

ఇంజను చప్పుడులో వినపడలేదేమోనని అద్దంలో చూసింది. రాఘవేంద్ర చెవులు ఎర్రగా ఉన్నాయి. వినపడినట్టే ఉంది. అయినా మరోసారి, ఈసారి బజారంతా వినపడేలా, "ఊఁ!" అంది.